సిరా గుళికలు, ఎరువు పుస్తకాలు

1971 జులై 4న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం విద్యార్థి మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను అక్కడి పెద్ద కంప్యూటర్‌లోకి టైపు చేసి, ఆ కంప్యూటర్ వాడేవాళ్ళెవరైనా తీసుకోవచ్చని పెట్టాడు. ఆ యంత్రంలో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు లేవు, అంతా పెద్దబడిలోనే కొట్టాడు. ప్రాజెక్ట్ గూటెన్‌బెర్గ్ అలా మొదలైంది. ఈ-బుక్‌కి పుట్టినరోజు పెట్టేవాళ్ళు చాలామంది ఆ తారీఖే పెడతారు. నాకు మాత్రం అది సగం పుట్టుకే అనిపిస్తుంది. అక్షరాలైతే కంప్యూటర్‌లోకి చేరాయి. వాటిని పడక్కుర్చీలో వాలి, గంటల తరబడి, కళ్ళు మండకుండా చదువుకోవడానికి పనికొచ్చే పుట చేతికి రావడానికి ఇంకో మూడు దశాబ్దాలకు పైనే పట్టింది.

అంత ఆలస్యానికి కారణం కాగితం గొప్పదనమే. కాగితం తనంతట తాను వెలగదు. మీద పడ్డ వెలుతురునే వెనక్కి పంపుతుంది, అందుకే ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కంప్యూటర్ తెర తీరు వేరు. వెనక దీపం పెట్టుకుని మన కళ్ళలోకి వెలుగు కొడుతుంది, ఎండలోకి తెస్తే వెలవెలబోతుంది. పైగా తెర మీద బొమ్మ నిలవాలంటే కరెంటు నడుస్తూనే ఉండాలి. అచ్చుపడ్డ అక్షరానికి ఆ బెంగ లేదు. ఇంట్లో ఎవరూ ముట్టుకోకపోయినా యాభై ఏళ్ళు అటక మీద అలాగే పడి ఉంటుంది. కాబట్టి కావలసిందల్లా బయటి వెలుతురుతోనే కనిపించే తెర, కరెంటు తీసేసినా అక్షరం చెరిగిపోని తెర. చెప్పడానికి ఒక్క వాక్యం.

1970ల్లో కాలిఫోర్నియాలో జెరాక్స్ వాళ్ళ పార్క్ పరిశోధన కేంద్రంలో నిక్ షెరిడన్ దాని దరిదాపుల దాకా వచ్చాడు. ఒక సగం నలుపు, ఒక సగం తెలుపు ఉన్న సన్నని పూసల్ని నూనెలో ఉంచి, విద్యుత్తుతో కావలసిన వైపుకి తిప్పాడు. గైరికాన్ అని పేరు పెట్టాడు. కానీ జెరాక్స్‌ది కాగితం మీద అచ్చు వేసే వ్యాపారం. కాగితం అవసరం తీసేసే సరుకు మీద ఆ కంపెనీకి మోజు లేకపోవడంలో వింతేమీ లేదు. ఆ పని చాలా ఏళ్ళు మూలన పడింది.

తర్వాతి అడుగు జోసెఫ్ జేకబ్సన్‌ది. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో, 1995లో, బీచ్‌లో చదువుతున్న పుస్తకం అయిపోయిందట, ఇంకోటి చేతిలో లేదు. ఒక పుస్తకమే తన పుటల మీద అక్షరాలు మార్చుకుని ఇంకో పుస్తకంగా తయారైతే ఎలా ఉంటుందన్న ఊహ అక్కడ మొదలైందని చెబుతారు. ఇలాంటి మూలకథల్ని కాస్త అనుమానంగానే వింటాను. ఆవిష్కర్తలందరికీ ఒక చెట్టు కిందో నీటి ఒడ్డునో జ్ఞానోదయం అవుతుంటుంది. కానీ ఆ ఊహలో ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. జేకబ్సన్ కోరుకున్నది పలకలాంటి తెర కాదు. వందల పుటలు, మధ్యలో కుట్టు, వీపు అట్ట, అన్నీ ఉన్న నిజమైన పుస్తకం. పుటలు తిప్పుకోవచ్చు, వాటి మీది అక్షరాలే మారతాయి. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చేరాక 1997లో తన బృందంతో కలిసి రాసిన వ్యాసానికి ‘ఆఖరి పుస్తకం’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు.

ఆ పనికి ఆయన ఇద్దరు డిగ్రీ విద్యార్థుల్ని తీసుకున్నాడు. బారెట్ కొమిస్కీ లెక్కల విద్యార్థి, జె.డి. ఆల్బర్ట్ మెకానికల్ ఇంజనీరింగ్. ఆ దారిలో అంతకు ముందు తలలు బద్దలు కొట్టుకున్న వాళ్ళు లేకపోలేదు. రంగునూనెలో తెల్లని రేణువుల్ని తేలించి, విద్యుత్తుతో పైకీ కిందికీ లాగే తెరల్ని 1970ల్లోనే జపాన్‌లో తయారుచేశారు. వాటి తెగులు ఒకటే. కొన్నాళ్ళకు రేణువులు ఒకదానికొకటి అంటుకునేవి, గుంపులు కట్టేవి, ఒక మూలకి చేరి అడుగున పేరుకునేవి. తెర మచ్చలు పడేది. అది కుదిరే పని కాదని తెలిసినవాళ్ళు వదిలేశారు. ఈ కుర్రాళ్ళకు ఆ నిరాశ ఇంకా అంటలేదు.

వాళ్ళు పట్టుకున్న కిటుకు రేణువుల్ని ఎటూ పోకుండా చిన్న చిన్న గదుల్లో బంధించడం. పాయసంలో ఉడికిన సగ్గుబియ్యం గింజని ఊహించుకుని, దాన్ని తలవెంట్రుక మందానికి కుదించండి. అంతే ఉంటుంది ఒక్కో గుళిక. లోపల పారదర్శకమైన ద్రవం. అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడ్, మన గోడలకి వేసే తెల్ల పెయింటులో ఉండే పదార్థమే. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దాని వ్యతిరేకం. కింద ఉన్న ఎలక్ట్రోడ్‌కి కరెంటు ఇస్తే ఒక రంగు పైకి తేలుతుంది, ఇంకో రంగు కిందికి దిగుతుంది. కరెంటు తీసేస్తే ఎక్కడివి అక్కడే ఆగిపోతాయి. లక్షల గుళికలు పక్కపక్కనే పరిస్తే ఒక పుట. గుంపులు కట్టినా ఆ గుళిక లోపలే కట్టాలి, తెరంతా పాడవదు. మొదటి గుళికల్లో నీలం రంగు ద్రవంలో తెల్ల రేణువులు మాత్రమే ఉండేవి, రెండు రంగుల రేణువులు తర్వాత వచ్చాయి. 1998 జులైలో ‘నేచర్’ పత్రికలో వాళ్ళ పరిశోధన వ్యాసం వచ్చింది. అంతకు ఏడాది ముందే ఈ-ఇంక్ కంపెనీ మొదలైంది.

కంపెనీ అమ్మిన మొదటి సరుకు పుస్తకం కానే కాదు. 1999లో జేసీ పెన్నీ దుకాణంలో ధరలు, ఆఫర్లు చూపించే బోర్డు. పుస్తకానికి కావలసినంత సన్నని అక్షరాలు అప్పటికి ఆ సిరాకి రాలేదు.

ఇదే సమయంలో ఇంకో ఇద్దరు సిరా కోసం ఆగకుండా మామూలు ఎల్‌సీడీ తెరతోనే రంగంలో దిగారు. మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్. వాళ్ళ రాకెట్ ఈబుక్ 1998లో వచ్చింది. అర కిలో పైచిలుకు బరువు, పదో పన్నెండో నవలలు పట్టేవి. పుస్తకం కొనాలంటే ముందు కంప్యూటర్‌లో దింపుకుని, తీగ కలిపి, అందులోంచి ఇందులోకి ఎక్కించాలి. అంతకు ముందు వాళ్ళు నమూనా పట్టుకుని అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ దగ్గరికి వెళ్ళారు. ఆయనకి నచ్చింది కానీ తన కంపెనీకి మాత్రమే ఇవ్వాలన్నాడు. బేరం తెగలేదు. చివరికి పుస్తకాల దుకాణాల కంపెనీ బార్న్స్ అండ్ నోబుల్ వాళ్ళ పెట్టుబడి తీసుకున్నారు. 2000లో కంపెనీ చేతులు మారింది, కొన్నేళ్ళకే ఆ యంత్రం కనుమరుగైంది. ఆ ఇద్దరూ 2003లో ఇంకో కంపెనీ పెట్టారు. దాని పేరు టెస్లా. పుస్తకాల యంత్రానికి మంచి బ్యాటరీ కోసం వెతికిన అనుభవం ఊరికే పోలేదన్నమాట.

ఈ-ఇంక్ తెరతో జనం కొనగలిగిన మొదటి రీడర్ 2004లో జపాన్‌లో సోనీ తెచ్చిన లిబ్రియే. తెర అద్భుతంగా ఉందన్నారు, కాగితంలాగే ఉందన్నారు. కానీ అందులోకి తీసుకున్న పుస్తకం 60 రోజులు దాటితే తెరుచుకునేది కాదు. డబ్బు పోసి తెచ్చుకున్న పుస్తకం, రెండు నెలలు కాగానే ‘నీ గడువు అయిపోయింది’ అంటే చదువరికి ఎలా ఉంటుంది? యంత్రం నిలవలేదు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే మలుపు ఇదే. రసాయనశాస్త్రం గెలిచిన చోట గడువు దగ్గర ఓడిపోయారు. పుస్తకం అమ్మడమా, అద్దెకివ్వడమా, ఎరువివ్వడమా అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. ఈ 20 ఏళ్ళలో తెరలు ఎంత మెరుగైనా దానికి జవాబు మాత్రం దొరకలేదు.

బెజోస్ 2004లో కాలిఫోర్నియాలో ల్యాబ్126 అని విడిగా ఒక సంస్థ పెట్టించాడు. పుస్తకాల అమ్మకం చూస్తున్న స్టీవ్ కెసెల్‌ని అక్కడికి మార్చి, కాగితం పుస్తకాలు అమ్మేవాళ్ళందరి వ్యాపారం మూయించేంత పట్టుదలతో పనిచెయ్యమన్నాడట. మూడేళ్ళ తర్వాత, 2007 నవంబర్ 19న అమెజాన్ రీడర్ కిండిల్ వచ్చింది. ధర 399 డాలర్లు. ఉన్న సరుకంతా అయిదున్నర గంటల్లో అయిపోయింది. తెర సోనీ దగ్గర ఉన్నదే. కొత్తదనం తెరలో లేదు. లోపల సెల్‌ఫోన్ నెట్‌వర్క్ పెట్టారు, నెల నెలా బిల్లు లేదు. కంప్యూటర్ అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. బస్‌స్టాపులో కూర్చుని పుస్తకం పేరు నొక్కితే నిమిషంలో చేతిలో ఉంటుంది.

ఆ సౌకర్యం రెండు వైపులా పనిచేస్తుందని 2009 జులైలో తెలిసింది. అమ్మే హక్కు లేని ప్రచురణకర్త ఎవరో జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’లను కిండిల్ దుకాణంలో పెట్టాడు. సంగతి బయటపడగానే అమెజాన్ డబ్బు వెనక్కిచ్చి, కొన్నవాళ్ళ యంత్రాల్లోంచి ఆ పుస్తకాల్ని దూరం నుంచే తీసేసింది. మనం నిద్రపోతుండగా దుకాణదారుడు ఇంట్లోకి వచ్చి అల్మారాలోంచి పుస్తకం పట్టుకెళ్ళినట్టే. నిఘా రాజ్యం మీద రాసిన నవలకే అలా జరగడం ఏ వ్యంగ్య రచయితకీ అందని కల్పన. బెజోస్ క్షమాపణ చెప్పుకున్నాడు.

కిండిల్ వచ్చిన అదే నెలలో, కొద్ది రోజులకే, ఇంకో ప్రకటన వచ్చింది. మనవాళ్ళు ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో 15 లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ అయ్యాయని ఆ ప్రకటన సారాంశం. ఆ ప్రాజెక్టు వెనక ఉన్న పెద్దమనిషి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, కంప్యూటర్ రంగంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు మన దేశంలో స్కానింగ్ చేయించాయి. పుస్తకాల్లో సింహభాగం చైనీస్, తర్వాత ఇంగ్లీషు, ఆ వెంటనే తెలుగు. సుమారు 50 వేల తెలుగు పుస్తకాలు. ఆ డిజిటల్ గ్రంథాలయంలో మూడో స్థానంలో ఉన్న భాషకి, అదే నెలలో పుట్టిన ప్రపంచ ప్రఖ్యాత రీడర్‌కి ఆ తర్వాత సఖ్యత కుదరలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు చదవడం ఏమైందో చూద్దాం. కళ్ళజోడు నంబరు పెరుగుతున్న వయసులో అక్షరం పెద్దది చేసుకునే వీలుంటే అంతకన్నా వరం ఏముంది? సన్న అక్షరాల పాకెట్ బుక్‌ల్ని వదిలేసిన పెద్దవాళ్ళు ఎంతమందో మళ్ళీ నవలల్లోకి వచ్చారు. తెలియని మాట మీద వేలు పెడితే అర్థం కనిపిస్తుంది, నిఘంటువు కోసం లేవక్కర్లేదు. అట్ట కనిపించదు కాబట్టి ఎదుటి సీటు వాళ్ళకి మనం ఏం చదువుతున్నామో తెలియదు. రైల్లో మాట కలపడానికి ఒక సాకు పోయింది, సిగ్గుపడుతూ దాచుకు చదివే పుస్తకాలకి మాత్రం స్వేచ్ఛ దొరికింది. పుట సంఖ్య బదులు శాతం వచ్చింది. మనం చదివే వేగం లెక్కగట్టి, ఈ అధ్యాయం ఇంకెన్ని నిమిషాలో కూడా చెబుతుంది. ఇదొక్కటి నాకు నచ్చదు. కథలో లీనమైనవాడికి గడియారం చూపించడం మర్యాద కాదు. ఇంకో అలవాటు ఉచిత నమూనాలు. మొదటి అధ్యాయం ఊరికే వస్తుంది కాబట్టి దింపుకుంటాం, కొన్నాళ్ళకి యంత్రం నిండా మొదళ్ళే మిగులుతాయి. డబ్బు పెట్టి కొన్న కాగితం పుస్తకం కనీసం బల్ల మీద ఉండి తిడుతూ ఉంటుంది. ఈ-బుక్ తిట్టదు.

జేకబ్సన్ వందల పుటల పుస్తకమే కావాలని ఎందుకు పట్టుబట్టాడో కొన్నేళ్ళ తర్వాత నార్వేలో ఒక పరిశోధనలో కొంత తేలింది. స్టావాంగర్ విశ్వవిద్యాలయంలో ఆన్ మాంగన్, ఆమె సహచరులు 50 మందికి ఎలిజబెత్ జార్జ్ రాసిన 28 పుటల అపరాధ పరిశోధన కథ ఇచ్చారు. సగం మందికి కాగితం మీద, సగం మందికి కిండిల్‌లో. కథ అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా కనిపించలేదు. కానీ ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని సంఘటనల్ని వరసలో పెట్టమంటే కిండిల్‌లో చదివినవాళ్ళు వెనకబడ్డారు. కాగితం పుస్తకం చదువుతుంటే ఎడమచేతి కింద పుటలు పెరుగుతుంటాయి, కుడిచేతి కింద తరుగుతుంటాయి. ఆ శవం దొరికింది పుస్తకం నడుమ కాస్త ఇవతల, ఎడమ పుట కింద భాగంలో అని చేతులకీ కళ్ళకీ కూడా ఒక గుర్తు ఉంటుంది. ఒక్క పుటే ఉన్న యంత్రంలో అంతా ఒకే చోట జరుగుతుంది. వాళ్ళలో చాలామందికి కిండిల్ కొత్త అన్నది నిజమే, ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పెయ్యకూడదు. అయినా నా సొంత అనుభవం దానికి దగ్గరగానే ఉంది. తెర మీద చదివిన నవల బాగా గుర్తుంటుంది, అందులో ఏది ఎక్కడ ఉందో గుర్తుండదు.

కాగితం చచ్చిపోతుందన్న జోస్యం ఫలించలేదు. 2016లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో అడిగినప్పుడు, గడిచిన ఏడాదిలో అచ్చు పుస్తకం చదివామన్నవాళ్ళు 65 శాతం, ఈ-బుక్ చదివామన్నవాళ్ళు 28 శాతం. ఒక్క డిజిటల్ మాత్రమే చదివేవాళ్ళు 6 శాతమే. జనం ఒకదాన్ని వదిలి ఇంకోదానికి పోలేదు. ప్రయాణానికి ఒకటి, ఇంటికి ఒకటి అని పెట్టుకున్నారు.

లైబ్రరీల దగ్గరికి వచ్చేసరికి కథ చిక్కుపడింది. 2003లో ఒహాయోలోని క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీ, అదే ప్రాంతపు కంపెనీ ఓవర్‌డ్రైవ్‌తో కలిసి ఈ-బుక్‌ల్ని ఇంటి నుంచే ఎరువు తీసుకునే ఏర్పాటు చేసింది. 2011 సెప్టెంబర్‌లో కిండిల్ కూడా చేరింది, ఒకేసారి 11 వేల లైబ్రరీల్లో. ఇక లైబ్రరీకి వెళ్ళక్కర్లేదు, ఫైన్ కట్టక్కర్లేదు. గడువు రాగానే పుస్తకం తనంతట తాను వెనక్కి వెళ్ళిపోతుంది. పరాయి చేతికిచ్చిన పుస్తకం తిరిగి రాదని మనవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు, ఆ బాధ ప్రపంచంలో మొదటిసారి తీరింది.

మరి చిక్కేమిటి? అచ్చు పుస్తకం లైబ్రరీ ఒకసారి కొంటే దానిదే. ఎన్నేళ్ళు ఎంతమందికిచ్చినా ప్రచురణకర్త అడగడానికి లేదు, అమెరికా చట్టమే ఆ హక్కు ఇచ్చింది. ఈ-బుక్‌ని ఎవరూ కొనరు, వాడుకునే లైసెన్సు తీసుకుంటారు. ఆ లైసెన్సులో ఏం రాస్తే అదే చట్టం. ప్రచురణకర్తల భయం ఏమిటంటే, ఈ-బుక్ నలగదు, చినగదు, కాఫీ మరకలు పడదు. ఒక్క ప్రతితో ఊరంతా ఎప్పటికీ చదివేస్తే అమ్మేదెవరికి? అందుకని కాగితానికి సహజంగా ఉన్న లోపాలన్నీ డిజిటల్ పుస్తకానికి కృత్రిమంగా తగిలించడం మొదలైంది. ఒక లైసెన్సుతో ఒకరే చదవాలి, రెండోవాళ్ళు వరసలో నిలబడాలి. 2011లో హార్పర్‌కాలిన్స్ ఇంకాస్త ముందుకెళ్ళింది. 26 సార్లు ఎరువు వెళ్ళాక ఈ-బుక్ ‘అరిగిపోయినట్టే’, లైబ్రరీ మళ్ళీ కొనుక్కోవాలి అంది. అరగని వస్తువుకి అరుగుదల లెక్క! లైబ్రేరియన్లు తమ అల్మారాల్లోంచి 26 సార్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తిరిగి ఇంకా గట్టిగా ఉన్న పుస్తకాలు తీసి చూపించి గొడవ పెట్టారు. 2019 నవంబర్‌లో మాక్‌మిలన్ ఇంకో పద్ధతి పెట్టింది. కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలూ ఎంత పెద్ద లైబ్రరీకైనా ఒక్క ఈ-ప్రతే. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ లైబ్రరీ లాంటివి మీ కొత్త ఈ-బుక్‌లే మాకొద్దన్నాయి. 2020 మార్చిలో కోవిడ్‌కి లైబ్రరీల తలుపులు మూతపడ్డప్పుడు మాక్‌మిలన్ ఆ షరతు ఎత్తేసింది. ఆ ఏడాది ఓవర్‌డ్రైవ్ ద్వారా ప్రపంచమంతా ఎరువు వెళ్ళిన డిజిటల్ పుస్తకాలు, ఆడియో పుస్తకాలు, పత్రికలు కలిపి 43 కోట్లు.

దీంతో చదువరికి లైబ్రరీ మీద ఉన్న మమకారం కూడా రూపు మార్చుకుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కౌంటీ లైబ్రరీ కార్డుతో ఫోన్‌లో లిబ్బీ యాప్ తెరిచి, కొత్త నవల కోసం వరసలో నిలబడతారు. యాప్ ‘ఇంకో పది వారాలు’ అంటుంది. ఎక్కడా కనిపించని ఆ వరసలో ముందున్నవాళ్ళు ఎవరో తెలియదు, వాళ్ళ మీద కోపం మాత్రం వస్తుంది. తీరా పుస్తకం వచ్చాక సగంలో గడువు అయిపోతుంటే, కిండిల్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేస్తారు. నెట్ తగలకపోతే వెనక్కి పోవాలన్న కబురు యంత్రానికి అందదు. లైబ్రరీ ఖాతాలో అది తిరిగిచ్చినట్టే లెక్క, తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది కూడా. ఎవరికీ నష్టం లేని ఈ చిన్న దొంగతనం చదువరుల్లో బాగా ప్రచారంలో ఉంది. పాతరోజుల్లో ఇంకో వారం గడువు కోసం లైబ్రేరియన్‌ని బతిమాలుకునేవాళ్ళు, ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి ముద్ర వేసేవాడు. ఇప్పుడు బతిమాలడానికి మనిషి లేడు.

అయితే భవనం అక్కర్లేకుండా పోయిందా? టెక్సస్‌లో బెక్సార్ కౌంటీ 2013 సెప్టెంబర్‌లో సాన్ ఆంటోనియోలో బిబ్లియోటెక్ అని ఒక లైబ్రరీ తెరిచింది. ఒక్క కాగితం పుస్తకం కూడా లేకుండా కట్టిన ప్రభుత్వ లైబ్రరీ. ఈ-రీడర్లే ఇంటికి ఎరువిస్తారు. పుస్తకాలన్నీ గాల్లోంచి దిగుతున్నప్పుడు దానికి గోడలు, బల్లలు, ఏసీ ఎందుకు అనిపిస్తుంది. కానీ ఇంట్లో కంప్యూటరూ ఇంటర్నెట్టూ లేని పేటలో ఆ గోడలే ముఖ్యం. హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి చూడండి. కుర్చీ దొరకదు. అక్కడ కూర్చున్న కుర్రాళ్ళలో చాలామంది అల్మారాల జోలికే పోరు. గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగానికో కావలసిన పుస్తకాలు, ఫోన్లో పీడీఎఫ్‌లు తామే తెచ్చుకుంటారు. వాళ్ళకి కావలసింది ఫ్యాను, లైటు, ప్లగ్గు, చుట్టూ చదువుతున్న మనుషులు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున మనం కట్టే గ్రంథాలయ సెస్సులో వాళ్ళు వాడుకుంటున్న వాటా అదే. తప్పు పట్టలేం. కానీ 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పుస్తకాల పడవ నడిపించిన నేలలో, ఇంటికి పుస్తకం ఎరువు తెచ్చుకునే అలవాటు ఇంత సన్నగిల్లడానికి ఈ-రీడర్‌ని నిందించలేం. అది మన ఊళ్ళకి రాకముందే పుస్తకాల కొనుగోళ్ళు, కొత్త నియామకాలు నత్తనడక పట్టాయి.

ఇక ఆ 50 వేల తెలుగు పుస్తకాల మాట. 2016 డిసెంబర్‌లో అమెజాన్ భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. అప్పటికే కినిగె లాంటి తెలుగు ఈ-బుక్ దుకాణం ఆరేళ్ళుగా నడుస్తున్నా సరే. స్కానయిన పాత పుస్తకాలేమో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటులో ఉండేవి, కొన్నేళ్ళకి ఆ సైటు అందకుండా పోయింది. అదృష్టం కొద్దీ వాటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కింది. 1920ల నాటి పత్రికలు, ఎక్కడా దొరకని నవలలు, ఇళ్ళలో చెదలు తినేసిన వ్యాస సంపుటాలు, అన్నీ ఉన్నాయి. కానీ అవి పుటల ఫోటోలు. ఆరంగుళాల తెర మీద తెరిస్తే అక్షరం చీమంత. పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయట. యంత్రాన్ని అడ్డంగా తిప్పి, పుటని మూడు ముక్కలుగా చదువుకున్న తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. మిగతా ప్రపంచానికి ఈ-రీడర్ ఇచ్చిన మొట్టమొదటి సుఖం, అక్షరం పెద్దది చేసుకోవడం, మనకి అందలేదు.

ఫోటోలోంచి అక్షరాలు పిండే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తెలుగుకీ ఉంది. కానీ పాత అచ్చులో ఒత్తులు విరిగి ఉంటాయి, అరసున్నలు మచ్చల్లో కలిసిపోతాయి, ‘ప’కి ‘వ’కి తేడా ఒక గీతే. ఎవరో ఒకరు పక్కన కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో కొద్దిమంది వాలంటీర్లు ఆ పనే చేస్తున్నారు. కాపీరైటు తీరిన పుస్తకం ఒకటి తీసుకుని, ఎడమపక్క అక్షరాలు, కుడిపక్క స్కాన్ పెట్టుకుని, ఒక్కో పుట దిద్ది పసుపు రంగు గుర్తు పెడతారు. ఇంకొకరు మళ్ళీ చూసి ఆకుపచ్చ చేస్తారు. పుస్తకం పూర్తయితే ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలుగా దింపుకోవచ్చు. దానికి లైసెన్సు లేదు, 26 సార్ల లెక్క లేదు, వెనక్కి ఇవ్వాల్సిన గడువూ లేదు. ఎంత వయసువాళ్ళైనా ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుని చదువుకోవచ్చు. దిద్దాల్సిన పుటలు చాలా ఉన్నాయి, దిద్దేవాళ్ళు తక్కువ.